అద్దె అంతా ఆదాయం కాదు

ఒక రోజు తొమ్మిదో తరగతిలో సామెతలు చెబుతున్నాను. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని బోర్డు మీద రాశాను. ఈ రెండు పనుల్లో ఉండే కష్టమూ ఖర్చూ చేసినవాళ్లకే తెలుస్తాయని వివరించాను. మూడో భాషగా తెలుగు నేర్చుకుంటున్న మధ్యప్రదేశ్ అబ్బాయి ఒకడు లేచి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"టీచర్, మీకు విజయవాడలో ఇల్లు ఉంది. మీరు ఇక్కడ క్వార్టర్‌లో ఉంటారు. ఆ ఇంటికి అద్దె వస్తుంది. అంటే మీకు ఊరికే డబ్బులు వస్తాయి కదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ "ఊరికే" అన్న మాట ఆ సాయంత్రమంతా నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ఇల్లు కొన్న కొత్తల్లో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. అది పొరపాటని తెలుసుకోవడానికి నాకు ఐదేళ్లు, ఒక వరద పట్టాయి. ఆ అబ్బాయికి మర్నాడు తరగతిలో బోర్డు మీద లెక్క వేసి చూపించాను. అదే లెక్కను ఇప్పుడు మీ అందరి కోసం రాస్తున్నాను. మీలో చాలామంది అద్దె ఇళ్లలో ఉండేవారు. కొందరి ఇళ్లలో పై అంతస్తు అద్దెకు ఇచ్చి ఉంటారు. ఏ వైపున ఉన్నా ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది.

మొదటి లెక్క: వచ్చేది ఎంత?

పన్నెండేళ్ల ఉద్యోగంలో నాకు ఐదు బదిలీలు అయ్యాయి. మా వారిదీ బదిలీల ఉద్యోగమే. ఎక్కడికి వెళ్లినా సొంత గోడకు మేకు కొట్టుకునే భాగ్యం లేదు కదా అని, 2019లో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక చిన్న పాత ఇల్లు కొన్నాం. ధర 45 లక్షలు. అందులో 20 లక్షలు బ్యాంకు అప్పు. మేము ఉండేది ఎలాగూ లేదు కాబట్టి నెలకు 12,000 రూపాయల అద్దెకు ఇచ్చాం.

ఏడాదికి 12 నెలలు, నెలకు 12,000. మొత్తం 1,44,000 రూపాయలు. పెట్టిన 45 లక్షల మీద ఇది 3.2 శాతం. మన నగరాల్లో నివాస గృహాల మీద అద్దె రాబడి సాధారణంగా 2 నుంచి 4 శాతం మధ్యలోనే ఉంటుంది. కాబట్టి మా ఇల్లు అందరి ఇళ్ల లాంటిదే.

చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. నిజానికి ఇక్కడే మొదలవుతుంది.

రెండో లెక్క: పోయేది ఎంత?

నా దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఆ ఇంటికి పెట్టిన ప్రతి ఖర్చూ అందులో రాసుకున్నాను. ఐదేళ్ల ఖర్చులు కూడి, ఏడాదికి సగటు తీస్తే ఇలా తేలింది.

ఇంటి పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ చార్జీలు: 6,000
ఇల్లు ఖాళీగా ఉన్నందువల్ల పోయిన అద్దె: 12,000
బ్రోకరుకు ఇచ్చింది: 6,000
మరమ్మతులు, రంగులు: 15,000
ఇల్లు చూసుకోవడానికి రానుపోను ప్రయాణాలు: 6,000
మొత్తం: 45,000

రెండో పద్దు గురించి కొంచెం చెప్పాలి. రెండేళ్లకోసారి అద్దెవాళ్లు మారారు. మారిన ప్రతిసారీ టూ-లెట్ బోర్డు రెండు నెలలు గేటుకు వేలాడింది. రెండేళ్లకు రెండు నెలలంటే సగటున ఏడాదికి ఒక నెల. చేతిలోంచి డబ్బు పోలేదు కాబట్టి దీన్ని ఎవరూ ఖర్చుగా రాయరు. కానీ రావలసింది రాకపోవడం కూడా ఖర్చే. బ్రోకరుకు మారిన ప్రతిసారీ ఒక నెల అద్దె ఇచ్చాం. అది ఏడాదికి 6,000 పడింది.

మరమ్మతుల పద్దు ఏటా ఒకేలా ఉండదు. ఒక ఏడాది కుళాయి వాషర్లతో సరిపోతుంది. మరో ఏడాది బోరు మోటారు కాలిపోతుంది, సెప్టిక్ ట్యాంకు నిండుతుంది, స్లాబు పెచ్చులు ఊడతాయి. తక్కువ ఖర్చైన ఏడాదిని చూసి మురిసిపోకుండా, సగటు చూసుకోవాలి.

ఇప్పుడు 1,44,000లోంచి 45,000 తీసేస్తే మిగిలేది 99,000. రాబడి 3.2 శాతం కాస్తా 2.2 శాతం అయింది. అద్దెలో దాదాపు మూడో వంతు ఇంటికే తిరిగి పోయింది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీలో ఇది సుమారు మూడో వంతు మాత్రమే.

అప్పు సంగతి ఇంకా చెప్పలేదు. 20 లక్షల అప్పును 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 17,356 రూపాయలు. మొదటి ఏడాది కట్టే వాయిదాల్లో వడ్డీయే 1,68,000 దాటుతుంది. మిగిలిన అద్దె 99,000. అంటే అద్దె మొత్తం ఇచ్చినా వడ్డీ తీరలేదు. మిగతాది నా జీతంలోంచి కట్టాను.

"మరి ఇల్లు ఎందుకు కొన్నారు టీచర్?" అని మరో అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. స్థలం విలువ పెరుగుతుందన్న నమ్మకం ఒకటి, రిటైరయ్యాక ఉండటానికి చోటు ఉంటుందన్న ధైర్యం ఇంకొకటి. రెండూ సబబైన కారణాలే. కానీ విలువ పెరిగిన లాభం ఇల్లు అమ్మినప్పుడే చేతికి వస్తుంది. అప్పటిదాకా ఆ ఇల్లు అద్దె మీదే బతకాలి, ఖర్చులు భరించాలి.

నేను తప్పు చదివిన కాగితం

పైన రాసిన ఖర్చుల జాబితాలో ఒక పద్దు లేదు. గమనించారా? బీమా.

డైరీలో అది లేకపోవడానికి కారణం ఉంది. అప్పు తీసుకున్న రోజున బ్యాంకులో చాలా కాగితాల మీద సంతకాలు పెట్టాను. అందులో ఒకటి బీమా పాలసీ. దాని ప్రీమియం కూడా అప్పులోనే కలిపేశారు. దాంతో ఇంటికి బీమా ఉందనుకుని, ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి మరచిపోయాను. తర్వాత రెండు బదిలీల్లో ఆ పెట్టె నాతోపాటే తిరిగింది. ఒక్కసారి కూడా తీసి చదవలేదు.

2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు 1న కురిసిన భారీ వర్షాలకు బుడమేరు పొంగింది. గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా ఇంట్లో అద్దెకు ఉన్నది ఒక ఆటో డ్రైవరు కుటుంబం. భార్యాభర్తలు, ఇంటర్ చదివే కూతురు. ప్రాణాలు దక్కించుకుని మేడ మీదకు ఎక్కారు. "అమ్మా, నీళ్లు కిటికీ దాకా వచ్చాయి, మేం బాగానే ఉన్నాం" అన్నాడు ఫోన్‌లో. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ కలవలేదు.

నీళ్లు తీశాక చూస్తే వైరింగు పోయింది, మోటారు పోయింది, ప్లైవుడ్ తలుపులు ఉబ్బి ఊడిపోయాయి, గోడలు నడుము ఎత్తు దాకా ప్లాస్టరింగ్ రాలిపోయాయి. మరమ్మతులకు 1,85,000 రూపాయలు అయింది. మూడు నెలలు ఇల్లు ఉండటానికి పనికిరాలేదు. ఆ అద్దె 36,000 రాలేదు. మొత్తం నష్టం 2,21,000. ఏడాదికి మిగిలేది 99,000 అనుకున్నాం కదా. రెండేళ్ల పైచిలుకు మిగులు ఒక్క వారంలో కొట్టుకుపోయింది.

అప్పుడు తీశాను ట్రంకు పెట్టెలోని కాగితం. అది ఇంటికి చేసిన బీమా కాదు. నాకు చేసినది. నేను చనిపోతే మిగిలిన అప్పును బీమా కంపెనీ తీరుస్తుందన్నది దాని సారాంశం. మంచి పాలసీయే, పనికొచ్చేదే. కానీ ఇల్లు మునిగితే దానితో రూపాయి రాదు. ఎవరూ నన్ను మోసం చేయలేదు. మొదటి పేజీలోనే స్పష్టంగా రాసి ఉంది. నలభై మంది పిల్లలకు "ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండి" అని రోజూ చెప్పే నేను, ఐదేళ్లపాటు ఆ పేజీ చదవలేదు.

బీమా ఎలా పని చేస్తుంది?

ఒక ఊళ్లో 1,000 ఇళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో ఇల్లు ఏడాదికి 1,500 రూపాయల చొప్పున ఒక చోట జమ చేస్తే 15 లక్షలు అవుతుంది. ఆ ఏడాది ఐదు ఇళ్లకు రెండేసి లక్షల నష్టం జరిగితే 10 లక్షలు వాళ్లకు ఇస్తారు. మిగిలినది నిర్వహణకు, కష్టం ఎక్కువగా వచ్చే ఏడాదికి నిల్వకు. ఏ ఇంటికి నష్టం వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టే అందరూ కట్టడంలో అర్థం ఉంది. ఒక్కరు మోయలేని బరువును వెయ్యిమంది పంచుకోవడమే బీమా.

వరదతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది ఐదు ఇళ్లను ఏరుకుని రాదు. ఒకేసారి వందల ఇళ్ల మీద పడుతుంది. అందుకే బీమా కంపెనీలు కూడా తమకు బీమా చేయించుకుంటాయి. దాన్ని పునర్బీమా అంటారు. మన దేశంలో ఆ పని చేసే ప్రభుత్వ సంస్థ ముంబయిలోని జీఐసీ రీ. నష్టాలు తరచుగా వచ్చే చోట ప్రీమియం పెరుగుతూ పోతుంది. అమెరికాలోని ఫ్లోరిడా దీనికి ఉదాహరణ. 2022 సెప్టెంబరులో వచ్చిన ఇయన్ తుఫానుకు ముందూ వెనకా అక్కడ కొన్ని బీమా కంపెనీలు దివాలా తీశాయి, ప్రీమియంలు బాగా పెరిగాయి. అక్కడ ఇల్లు కొని అద్దెకు ఇచ్చేవాళ్లకు బీమా చిల్లర ఖర్చు కాదు, కొనాలా వద్దా అన్నది తేల్చే ఖర్చు. పెరిగిన ప్రీమియాన్ని యజమాని తానే భరిస్తే రాబడి తగ్గుతుంది. అద్దెలో కలిపితే అద్దెవాళ్లు వేరే ఇల్లు చూసుకుంటారు.

మన దగ్గర ఇప్పటికి ఆ పరిస్థితి లేదు. ఇంటి బీమా ఇంకా చవకే. అయినా చేయించుకునేవాళ్లు తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. 2015 చివర్లో చెన్నై మునిగింది. ప్రతిసారీ కొన్నాళ్లు భయపడతాం, తర్వాత మరచిపోతాం.

కొనేముందు తెలుసుకోవలసినవి

వరద తర్వాత నేను తెలుసుకున్న సంగతులు ఇవి.

ఒకటి. బీమా కట్టడానికే, స్థలానికి కాదు. మా ఇంటి ధర 45 లక్షలైనా అందులో ఎక్కువ భాగం స్థలానిదే. వరద వచ్చినా భూకంపం వచ్చినా స్థలం అక్కడే ఉంటుంది. ఇల్లు 800 చదరపు అడుగులు. చదరపు అడుగుకు కట్టుబడి ఖర్చు 1,800 రూపాయలు వేసుకుంటే 14,40,000. ఆ మొత్తానికి బీమా చేయిస్తే చాలు. అందుకే ప్రీమియం మనం భయపడేంత ఉండదు. ఇప్పుడు మేం కడుతున్నది ఏడాదికి 1,500 లోపే. ఊరిని బట్టి, ఇంటిని బట్టి, కంపెనీని బట్టి ఇది మారుతుంది.

రెండు. తక్కువకు బీమా చేయించడం పొదుపు కాదు. 14 లక్షల కట్టడానికి 7 లక్షలకే బీమా చేయిస్తే, చాలా పాలసీల్లో 2 లక్షల నష్టానికి సగమే, అంటే 1 లక్షే ఇస్తారు. సగం బీమాకు సగం పరిహారమన్నది సూత్రం.

మూడు. మన బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీని తెచ్చింది. అగ్నిప్రమాదం, తుఫాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడటం లాంటివి ఇందులో ఉన్నాయి. ఇందాక చెప్పిన సగానికి సగం కోత ఈ పాలసీలో లేదు. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే, ఆ కాలానికి పోయిన అద్దె కూడా ఇందులో వస్తుంది. అద్దెకు ఇచ్చేవాళ్లకు ఇది ముఖ్యమైన సంగతి. పాతబడటం వల్ల పెచ్చులు ఊడటం, నెమ్మదిగా చెమ్మ దిగడం లాంటివి మాత్రం ఏ బీమాలోనూ రావు. అవి యజమాని బాధ్యతే.

నాలుగు. ఇల్లు అద్దెకు ఇచ్చామని, ఎక్కువ కాలం ఖాళీగా ఉంటే ఆ విషయమూ కంపెనీకి చెప్పాలి. నిజం దాచి కట్టిన ప్రీమియం అవసరానికి అక్కరకు రాదు.

ఐదు. ఇంటి యజమాని చేయించిన బీమా అద్దెవాళ్ల సామానుకు వర్తించదు. సామానుకు అద్దెవాళ్లు విడిగా చేయించుకోవచ్చు. మా ఇంట్లో ఉన్న కుటుంబానికి ఫ్రిజ్, మంచాలు, అమ్మాయి పుస్తకాలు అన్నీ పోయాయి. ఆటోకు థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంది. అది ఎదుటివారికి జరిగిన నష్టానికే, మునిగిన సొంత బండికి కాదు. ముంపు ప్రాంతాల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఉన్న కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించింది. దానితో వాళ్లు మళ్లీ గిన్నెలు, స్టవ్ కొనుక్కున్నారు.

ఆరు. పన్ను సంగతి. అద్దె ఆదాయం మీద ఆదాయపు పన్ను లెక్కించేటప్పుడు, మనం కట్టిన ఇంటి పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయిస్తారు. మరమ్మతులకు ఎంత పెట్టినా, అసలు పెట్టకపోయినా అది 30 శాతమే. అప్పు మీద వడ్డీకి వేరే మినహాయింపు ఉంది. బీమా ప్రీమియానికి విడిగా లేదు. అది ఆ 30 శాతంలోనే ఇమిడి ఉందనుకోవాలి. అంటే బీమా మానేసి మనం మిగుల్చుకునేది ఆ కాస్త ప్రీమియం మాత్రమే.

మూడో లెక్క

ఇక చివరి లెక్క. ఇదే ఆ అబ్బాయికి బోర్డు మీద వేసి చూపించింది.

బీమా లేకుండా ఏడాదికి మిగిలింది 99,000, అంటే 2.2 శాతం. బీమాకు 1,500 కట్టి ఉంటే మిగిలేది 97,500, అంటే సుమారు 2.17 శాతం. తేడా 0.03 శాతం. ఐదేళ్లకు మొత్తం 7,500 రూపాయలు. అది మిగుల్చుకున్నందుకు పోయినది 2,21,000.

అద్దె ఇంటి ఖర్చుల్లో అన్నిటికంటే చిన్నది బీమాయే. మిగతావి ఎగ్గొడితే ఎవరో ఒకరు అడుగుతారు. పన్ను కట్టకపోతే మున్సిపాలిటీ నోటీసు ఇస్తుంది. మోటారు బాగు చేయించకపోతే అద్దెవాళ్లు ఫోన్ చేస్తారు. బీమా కట్టకపోతే అడిగేవాళ్లు ఉండరు. అందుకే మనం మొదట మరచిపోయేది దాన్నే.

ఇప్పుడు మా డైరీలో బీమా పేరుతో ఒక వరస ఉంది. ఆ కుటుంబం మూడు నెలలు బంధువుల ఇంట్లో ఉండి, మరమ్మతులు అయ్యాక మళ్లీ మా ఇంట్లోకే వచ్చింది. ఆ మూడు నెలల అద్దె మేం అడగలేదు, వాళ్లు అడ్వాన్సు వెనక్కి ఇమ్మనలేదు. అద్దె ఈ ఏడాది పెంచలేదు. ఇంటర్ చదివే అమ్మాయి పుస్తకాలు మళ్లీ కొనుక్కుని పరీక్షలు రాసింది.

లెక్క అయ్యాక ఆ అబ్బాయి కాసేపు బోర్డు వైపు చూసి, "టీచర్, అయితే సామెతలో ఇంకో మాట కలపాలి" అన్నాడు. ఏమిటని అడిగాను. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు, అద్దెకు ఇచ్చి చూడు."

తెలుగు పరీక్షలో వాడికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది వేరే సంగతి. ఆ వాక్యానికి మాత్రం నేను పూర్తి మార్కులు వేశాను. ఆ రోజు తరగతికి ఇచ్చిన ఇంటిపని కూడా చెబుతాను, మీరూ చేయవచ్చు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో ఉన్న బీమా కాగితాలు అమ్మానాన్నలను అడిగి బయటికి తీయించండి. ఒక్కోదాని మొదటి పేజీ పైకి చదవండి. అది ప్రాణానికా, బండికా, ఇంటికా అన్నది ఒక తెల్ల కాగితం మీద రాసి, ఆ పాలసీకి పిన్ను పెట్టండి. పావుగంట పని.

— తెలుగు ఉపాధ్యాయిని